అప్పు కోసం ప్రక్కన పెట్టిన దీనారు

దైవప్రవక్త (స) ఒక రోజు హజ్రత్ అబూ జర్ (రజి)తో కలిసి మదీనా వెలుపల నడుస్తున్నారు. ఎదురుగా ఉహద్ కొండ కనిపించింది. ఈ కొండంతా తమ కోసం బంగారంగా మారిపోయినా, మూడో రాత్రి వచ్చేసరికి అందులో ఒక్క దీనారు కూడా తమ దగ్గర మిగిలి ఉండటం తమకు ఇష్టం లేదని, దాన్నంతా కుడి ఎడమలకు దైవదాసులకు పంచివేస్తామని ఆయన సెలవిచ్చారు. అయితే ఒకే ఒక్క దీనారును మాత్రం ఆ మాటలోంచి మినహాయించారు. అది అప్పు తీర్చటానికి ప్రక్కన పెట్టుకున్న దీనారు. (బుఖారీ)

ఈ హదీసును మనం సాధారణంగా దానధర్మాల ప్రసంగాల్లో వింటుంటాం. కొండంత బంగారం దగ్గర మన మనసు ఆగిపోతుంది. ఆ చివరి మినహాయింపు దగ్గర ఎవరూ ఆగరు. కాస్త ఆలోచించండి. కొండంత బంగారాన్ని పంచివేయగల మహనీయుడు ఆ ఒక్క దీనారును పంచటానికి ఒప్పుకోలేదు. ఎందుకంటే అది తమ సొమ్ము కాదు. చేతిలో ఉన్నా, అది అప్పు ఇచ్చినవాని హక్కు. కనుక అప్పు కోసం పైసా పైసా ప్రక్కన పెట్టడాన్ని లోభం అని ఎవరైనా అంటే నొచ్చుకోనక్కర లేదు. అది ప్రవక్త (స) సంప్రదాయం.

ఈ మాట వ్రాయటానికి ఒక కారణం ఉంది. పల్నాడులో జుమా ప్రసంగాలకు గాని, నికాహ్ చదివించటానికి గాని వెళ్ళినప్పుడు నమాజు ముగిశాక ఎవరో ఒకరు మమ్మల్ని మసీదు మెట్ల దగ్గర ఆపుతుంటారు. నరసరావుపేటలో అయితే ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయంటారు. గురజాల, దాచేపల్లి వైపు వెళ్తే పొలం తనఖా పెట్టామంటారు. మాచర్లలో ఆడవాళ్ళు తెర వెనుక నుంచి గాజులూ, గొలుసూ లోనులో ఉన్నాయని చెప్పి పంపుతారు. “హజ్రత్, నెల నెలా కడుతూనే ఉన్నాం. ఎప్పటికి తీరుతుందో తెలియడం లేదు. మేము నమాజు చదువుతున్నాం గానీ వడ్డీలో ఉన్నాం. ఏం చేయాలి?” అని అడుగుతారు. ఇలా అడిగేవారిలో కొందరు “ఏం ఫర్వాలేదు” అనే మాట వినాలనుకుంటారు. మరికొందరు “ఇల్లు అమ్మివేయండి” అంటామేమోనని భయపడుతూ నిలబడతారు.

వడ్డీ విషయంలో “ఫర్వాలేదు” అనే అధికారం మాకు లేదు, ఎవరికీ లేదు. సూరె బఖరా 275వ ఆయతు మొదలు 279వ ఆయతు వరకు చదివితే, వడ్డీని వదలనివారికి అల్లాహ్ తరపునుండీ, ఆయన ప్రవక్త తరపునుండీ యుద్ధ ప్రకటన ఉంది. మరే పాపం గురించీ ఇంత తీవ్రమైన హెచ్చరిక కనిపించదు. వడ్డీ తినేవానితో పాటు తినిపించేవానినీ, దాన్ని వ్రాసేవానినీ, సాక్షులనూ ప్రవక్త (స) శపించారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. కొత్తగా వడ్డీ లోను తీసుకోవాలనుకునేవారికి మా సమాధానం ఇదే.

అయితే ఇప్పటికే అందులో చిక్కుకున్నవాని సంగతి వేరు. బావిలో పడినవానికి, బావిలో పడకూడదని ఉపన్యాసం చెప్పి వెళ్ళిపోవడం ధర్మం కాదు. అతని తౌబా నాలుక మీద మొదలవుతుంది గానీ నాలుక మీదే పూర్తి కాదు. ఎంత త్వరగా బయటపడగలడో అంత త్వరగా బయటపడటమే అతని తౌబాకు రుజువు. ఇరవై సంవత్సరాల అప్పును పన్నెండు సంవత్సరాల్లో తీర్చగలిగి కూడా తీర్చకపోతే, ఆ మిగిలిన ఎనిమిది సంవత్సరాల వడ్డీకి బ్యాంకును నిందించి లాభం లేదు.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. తాకట్టు పెట్టడం దానంతట అదే తప్పు కాదు. ప్రయాణంలో వ్రాసేవాడు దొరకనప్పుడు వస్తువును తాకట్టుగా అప్పగించమని సూరె బఖరా 283వ ఆయతు అనుమతించింది. దైవప్రవక్త (స) పరమపదించినప్పుడు ఆయన కవచం మదీనాలోని ఒక యూదుని దగ్గర ముప్ఫై సాల బార్లీకి బదులుగా తాకట్టులో ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. (బుఖారీ) భార్య గాజులు తాకట్టు పెట్టవలసి వచ్చిన సోదరుడు ఈ హదీసు విని తల దించుకోవడం మానాలి. సిగ్గుపడవలసింది తాకట్టును చూసి కాదు, దాని మీద నడిచే వడ్డీని చూసి. దాన్ని విడిపించుకునే ఆలోచనే లేకుండా సంవత్సరాలు గడపడాన్ని చూసి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మతపరమైన పత్రికలో లెక్కలెందుకని కొందరికి అనిపించవచ్చు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు నమాజు గురించినది కాదు, ఉపవాసం గురించినది కాదు. అది బఖరా 282వ ఆయతు. అప్పును ఎలా వ్రాసుకోవాలి, ఎవరు వ్రాయాలి, సాక్షులు ఎందరు ఉండాలి అన్నదే అందులోని విషయం. చిన్న మొత్తమైనా, పెద్ద మొత్తమైనా వ్రాయటానికి బద్ధకించవద్దని కూడా అందులోనే ఉంది. కనుక లెక్క చూడటం మన దీనుకు బయటి పని కాదు.

ఒక ఇంటి లోను తీసుకుందాం. 10 లక్షల రూపాయలు, సంవత్సరానికి నూటికి 9 వడ్డీ, గడువు 20 సంవత్సరాలు. నెలకు కిస్తీ దాదాపు 8,997 రూపాయలు వస్తుంది. మొదటి నెల కట్టిన ఆ డబ్బులో 7,500 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలులో తగ్గేది 1,497 రూపాయలే. మొదటి సంవత్సరం మొత్తం మీద లక్షా ఎనిమిది వేలు కడితే అసలు తగ్గేది 18,700 రూపాయలు మాత్రమే. పది సంవత్సరాలు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టినవాడు సగం అప్పు తీరిపోయిందని అనుకుంటాడు. వెళ్ళి చూస్తే ఇంకా 7 లక్షల 10 వేలు బాకీ ఉంటుంది. ఇరవై సంవత్సరాలూ పూర్తయ్యేసరికి అతను కట్టింది 21 లక్షల 59 వేలు. అంటే తీసుకున్నదానికి రెండింతలకు పైగా.

ఇప్పుడు అదే మనిషి మొదటి నెల నుంచే వెయ్యి రూపాయలు అదనంగా కట్టాడనుకోండి. ఆ వెయ్యిలో ఒక్క రూపాయి కూడా వడ్డీకి పోదు, మొత్తం అసలులో తగ్గుతుంది. అప్పు 15 సంవత్సరాల 6 నెలల్లో తీరిపోతుంది. దాదాపు 3 లక్షల రూపాయల వడ్డీ తప్పుతుంది. రెండు వేలు అదనంగా కట్టగలిగితే 13 సంవత్సరాలు నిండకముందే ఇంటి కాగితాలు చేతికి వస్తాయి. 4 లక్షల 70 వేలకు పైగా వడ్డీ తప్పుతుంది. ఈ డబ్బు మిగలడం ఒక మేలు. అయితే విశ్వాసికి అంతకంటే పెద్ద మేలు, ఏడు సంవత్సరాల వడ్డీ పాపం తన మెడ నుంచి దిగిపోవడం.

వెయ్యి రూపాయలంటే రోజుకు 34 రూపాయలు. హోటల్లో ఇంచుమించు మూడు టీల ఖరీదు. గుట్కా, సిగరెట్ అలవాటున్న సోదరులు అంతకంటే ఎక్కువే రోజూ తగలేస్తున్నారు. ఆ డబ్బు వారి ఆరోగ్యాన్ని కూడా తింటోంది కనుక దాన్ని గురించి వేరే చెప్పనవసరం లేదు.

బంగారం లోనుల సంగతి దీనికంటే అన్యాయంగా ఉంది. ప్రైవేటు వ్యక్తి దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే వినటానికి చిన్నగా ఉంటుంది. సంవత్సరానికి అది ఇరవై నాలుగు. లక్ష రూపాయలకు నెలకు రెండు వేలు. యాభై నెలలు వడ్డీ మాత్రమే కడితే లక్ష రూపాయలు కట్టినట్టు, అసలు లక్ష అలాగే ఉన్నట్టు. లోను కంపెనీలో పెట్టినవారు సంవత్సరం తిరిగేసరికి వడ్డీ కట్టి లోను తిరగ వ్రాయించుకుని వస్తుంటారు. ఇంటికి వచ్చి “పని అయింది” అంటారు. ఏ పని అయినట్టు? నికాహ్ నాడు తల్లి పెట్టిన గొలుసు, కూతురి నికాహ్ వచ్చే దాకా లోనులోనే ఉండిపోతున్న ఇళ్ళు ఉన్నాయి.

కనుక ముందు ఏ అప్పు తీర్చాలి అంటే, మా సలహా ఇది. అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు మొదట. చేబదులు వడ్డీలు, ఫైనాన్సు వాయిదాలు, తరువాత బంగారం, ఆ తరువాత ఇల్లు. ఒకటి తీరగానే దానికి కట్టే డబ్బును ఖర్చులో కలపకుండా రెండో అప్పు వైపు తిప్పాలి. ఎక్కువ మంది జారిపోయేది ఇక్కడే. స్కూటర్ వాయిదాలు అయిపోయిన నెలలోనే కొత్త ఫోను వాయిదాలు మొదలవుతాయి.

ఇదంతా ఒక నోటుబుక్కు లేకుండా జరగదు. హజ్రత్ ఉమర్ (రజి) కత్తిపోటుకు గురై మరణశయ్య మీద ఉన్నారు. అంత పెద్ద రాజ్యానికి ఖలీఫా. ఆ స్థితిలో ఆయన తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ను పిలిచి, తన మీద ఉన్న అప్పు ఎంతో లెక్క చూడమన్నారు. లెక్క చూస్తే సుమారు 86 వేలు తేలింది. మొదట తన కుటుంబ ఆస్తి నుంచి తీర్చాలని, చాలకపోతే తమ వంశంవారైన బనూ అదీని అడగాలని, అదీ చాలకపోతే ఖురైషులను అడగాలని, వారిని దాటి వెళ్ళవద్దని వరుసగా చెప్పారు. (బుఖారీ) ప్రాణం పోతున్న వేళ ఆయనకు లెక్క తెలుసుకోవాలనిపించింది. మనలో ఆరోగ్యంగా తిరుగుతున్నవారిని “మీ అప్పు ఈ రోజుకు ఎంత ఉంది?” అని అడిగితే ఎందరు చెప్పగలరు? కిస్తీ ఎంతో అందరికీ తెలుసు. బాకీ ఎంతో తెలియదు.

రెండు రూపాయల నోటుబుక్కు కాలం పోయినా, ఇరవై రూపాయలకు ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది. మొదటి పేజీలో అప్పులన్నీ వ్రాయండి. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఏ వస్తువు తాకట్టులో ఉంది. తరువాతి పేజీల నుంచి ఒక నెల రోజులు ప్రతి ఖర్చూ వ్రాయండి. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని వ్రాయాలి. ఇది ముఖ్యం. చాలా ఇళ్ళలో అప్పు సంగతి భర్తకు మాత్రమే తెలుసు, ఖర్చు సంగతి భార్యకు మాత్రమే తెలుసు. ఆమె పండుగకు బట్టలు అడుగుతుంది, అతను విసుక్కుంటాడు, ఆమెకు కారణం తెలియదు. అప్పున్నవాడు మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు అని ప్రవక్త (స) చెప్పి, నమాజులో అప్పు నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. (బుఖారీ) ఆ అబద్ధాలు అప్పిచ్చినవానితో ఆగవు, ఇంట్లోకి కూడా వస్తాయి. లెక్క తెలిసిన ఇల్లాలు మన ఊళ్ళలో ఎన్నో కుటుంబాలను ఒడ్డుకు చేర్చింది. పప్పు డబ్బాలో దాచిన నోట్లతో గాజులు విడిపించిన తల్లులు ప్రతి బజారులోనూ ఉంటారు. వారిలో చాలామంది బ్యాంకు మెట్లు కూడా ఎక్కి ఉండరు.

ఖర్చు తగ్గించమంటే కొందరు తప్పుడు చోట తగ్గిస్తారు. ముసలి తల్లి మందులు, పిల్లల చదువు, కూలివాని కూలి, జకాత్, వీటి జోలికి పోకూడదు. దుబారా, పిసినారితనం రెంటికీ నడుమన నిలబడేవారే కరుణామయుని దాసులని సూరె ఫుర్ఖాన్ 67వ ఆయతు వర్ణించింది. భార్యాబిడ్డల అన్నం తగ్గించి కట్టే అదనపు కిస్తీలో శుభం ఉండదు.

మరి తగ్గించదగిన చోటు ఏది? చెబితే కొందరికి కోపం వస్తుంది. అయినా చెబుతాం. ఇల్లు తనఖాలో ఉండగా ఫంక్షన్ హాలులో వలీమా చేయడం. సఫియ్యా (రజి)తో వివాహమైనప్పుడు ప్రవక్త (స) ఇచ్చిన వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. తోలు పరిచి, ఖర్జూరాలు, ఎండిన జున్ను, నెయ్యి దాని మీద పెట్టారు. (బుఖారీ) సృష్టిలో అత్యంత గౌరవనీయుని వలీమా అది. మన దగ్గర మూడు రకాల బిర్యానీ లేకపోతే బంధువులు ఏమనుకుంటారో అన్న భయం. బంధువులు తిని, ఉప్పు ఎక్కువైందని చెప్పి వెళ్ళిపోతారు. ఆ భోజనం అప్పు మాత్రం పెళ్ళికొడుకు తమ్ముడి పెళ్ళి దాకా ఉంటుంది. అఖీఖాకు, ఆడపిల్ల ఓణీల ఫంక్షనుకు, బోరు వేసినందుకు, బైకు కొన్నందుకు దావతులు. వీటిలో అఖీఖా ఒక్కటే సున్నత్, అది కూడా స్తోమతు ఉన్నవానికి.

పల్నాడులో సగం కుటుంబాలకు నెల జీతం లేదు. పత్తి డబ్బు ఒకసారి, మిర్చి డబ్బు ఒకసారి వస్తుంది. వారికి నెలవారీ లెక్క కుదరదన్నది నిజమే. వారికి సూరె యూసుఫ్ ఉంది. ఈజిప్టు రాజు కలకు యూసుఫ్ (అలై) చెప్పిన అర్థంలో పంట పండే ఏడు సంవత్సరాలు, వాటి వెనుకనే ఏడు కరువు సంవత్సరాలు ఉన్నాయి. మంచి సంవత్సరాల్లో తినటానికి కొంచెం ఉంచుకుని మిగిలినదాన్ని వెన్నుల్లోనే నిల్వ చేయమని ఆయన ఉపాయం చెప్పారు. మిర్చి రైతుకు ఇది కథ కాదు. 2023లో గుంటూరు యార్డులో మంచి రకం మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటి పలికింది. రెండు సంవత్సరాలు తిరగకముందే, 2025 ఫిబ్రవరిలో, ధర ఎంతగా పడిపోయిందంటే కేంద్ర ప్రభుత్వం 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యం ప్రకటించవలసి వచ్చింది. మంచి ధర వచ్చిన సంవత్సరం తనఖా విడిపించినవాని పొలం చెడు సంవత్సరంలో అతనిదిగానే ఉంది. ఆ సంవత్సరం కారు కొన్నవానికి కారు కూడా నిలవలేదు. కౌలుకు మరో మూడు ఎకరాలు తీసుకుందాం, అప్పు తరువాత చూద్దాం అన్నవారి బాధ మేము చూశాం, వారిని నొప్పించే ఉద్దేశం మాకు లేదు. ప్రభుత్వం మాఫీ చేస్తుందని ఎదురుచూస్తూ కట్టగలిగి కూడా కట్టడం ఆపడం మాత్రం తప్పు. చెల్లించే శక్తి ఉండి వాయిదా వేయడం దౌర్జన్యం అని ప్రవక్త (స) హెచ్చరించారు. (బుఖారీ, ముస్లిం) మాఫీ వస్తే తీసుకోండి. దాని కోసం వడ్డీని పెంచుకోకండి.

ఇంతవరకు చెప్పింది ఎంతో కొంత మిగిలే కుటుంబాల సంగతి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో రోజు కూలికి పనిచేసే సోదరునికి మూడు టీలు మానమని చెప్పడం మాకే బాగుండదు. అతనికి ఆ టీయే మధ్యాహ్నం భోజనం కావచ్చు. అతని లెక్క ఎంత వ్రాసినా మిగులు రాదు. అక్కడ బాధ్యత అతని మీద నుంచి మన మీదకు వస్తుంది. దీనికి ఒక గొప్ప ఆధారం ఉంది.

బరీరా (రజి) అనే బానిస స్త్రీ తన స్వేచ్ఛ కోసం యజమానులతో ఒప్పందం చేసుకుంది. తొమ్మిది ఊఖియాల వెండి, సంవత్సరానికి ఒక ఊఖియా చొప్పున తొమ్మిది వాయిదాలు. ఒక ఊఖియా అంటే నలభై దిర్హములు. అంటే తొమ్మిది సంవత్సరాల పాటు ఆమె మెడ మీద ఆ వాయిదాల భారం ఉండాలి. ఆమె సహాయం కోసం హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరకు వచ్చింది. ఈ సంవత్సరం వాయిదాకు కొంత ఇచ్చి పంపితే సరిపోయేది. ఆయిషా (రజి) అలా చేయలేదు. నీ యజమానులు ఒప్పుకుంటే మొత్తం ఒకేసారి లెక్కపెట్టి ఇచ్చి నిన్ను విడిపిస్తాను అన్నారు. యజమానులు ఒక అన్యాయమైన షరతు పెట్టారు. ప్రవక్త (స) మింబరు ఎక్కి, అల్లాహ్ గ్రంథంలో లేని షరతు వందసార్లు పెట్టినా చెల్లదని ప్రకటించారు. బరీరా స్వేచ్ఛ పొందింది. (బుఖారీ, ముస్లిం) తొమ్మిది సంవత్సరాల వాయిదాలు ఒక్క రోజులో తీరిపోయాయి.

మన జమాఅత్‌లలో అలాంటి చేయి ఎందుకు లేదు? ఒక మసీదు పరిధిలో యాభై కుటుంబాలు నెలకు రెండు వందలు చొప్పున పక్కన పెడితే నెలకు పది వేలు, సంవత్సరానికి లక్షా ఇరవై వేలు. అది దానం కానవసరం లేదు, ఖర్జె హసనా చాలు. రెండు రూపాయల వడ్డీలో ఉన్న ఒక కుటుంబం అప్పును అందులోంచి తీర్చి, అదే నెలవారీ మొత్తాన్ని వడ్డీ లేకుండా నిధికి తిరిగి కట్టించుకోవచ్చు. వడ్డీకి కట్టే రెండు వేలే అసలుగా మారితే లక్ష రూపాయలు యాభై నెలల్లో పూర్తిగా తీరిపోతాయి. పైన చెప్పిన లెక్కలో ఆ యాభై నెలలకు ఏమీ తీరలేదు, గుర్తుంచుకోండి. ఇది కొత్త ఆలోచన కాదు. హైదరాబాదులో నిజాం కాలంలోనే ఇలాంటి వడ్డీలేని పరస్పర సహాయ సంఘాలు నడిచాయని డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) తన వ్యాసాల్లో వివరించారు. ఇక నిజంగా చితికిపోయిన రుణగ్రస్తునికి జకాత్‌లోనే వాటా ఉంది. సూరె తౌబా 60వ ఆయతులోని ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులు ఒకరు. రమజానులో మన జకాత్ చిల్లర నోట్లుగా వంద చేతుల్లోకి వెళ్ళి సాయంత్రానికి ఖర్చయిపోతోంది. పది ఇళ్ళవారు కలిసి అర్హతగల ఒక్క కుటుంబాన్ని ముఫ్తీ సాబ్‌ను సంప్రదించి అప్పు నుంచి బయట పడవేస్తే, వచ్చే సంవత్సరం ఆ ఇంటివారు జకాత్ అడగరు.

అప్పు ఇచ్చినవారికి కూడా ఒక మాట. ఎరువుల కొట్టువారు, బట్టల వ్యాపారులు, అరువు ఇచ్చేవారు మనలోనూ ఉన్నారు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) మసీదులోనే ఇబ్ను అబీ హద్రద్ (రజి)ని బాకీ అడిగారు. గొంతులు పెరిగాయి. ప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదిలివేయమని కఅబ్‌కు చేతితో సైగ చేశారు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు రెండోవానితో, లేచి మిగిలింది కట్టివేయి అన్నారు. (బుఖారీ) ముందుగా కడితే కొంత తగ్గిస్తామని ఒప్పందంలోనే షరతు పెట్టుకోవడాన్ని అధిక సంఖ్యాక ఇమాములు అంగీకరించలేదు. హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) మాత్రం అందులో తప్పు లేదని అభిప్రాయపడ్డారు. ముందస్తు షరతు లేకుండా, ఇద్దరి మధ్య ఆ సమయంలో ఇష్టపూర్వకంగా జరిగే తగ్గింపు వడ్డీ కాదని 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. కనుక తీసుకున్నవాడు ముందు తెచ్చి ఇస్తే, ఇచ్చినవాడు కొంత వదిలిపెట్టడం ఇద్దరికీ పుణ్యం.

బ్యాంకులతో వ్యవహారంలో కొన్ని జాగ్రత్తలు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనును ముందుగా తీరిస్తే బ్యాంకు జరిమానా వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే ఆదేశించింది. ఈ సంగతి తెలియక, ముందు కడితే జరిమానా పడుతుందేమోనని ఆగిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. అదనంగా కట్టేటప్పుడు దాన్ని అసలులో జమ చేయమని, కిస్తీ తగ్గించకుండా గడువు తగ్గించమని కాగితం మీద వ్రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. కిస్తీ తగ్గితే చేతికి కాస్త వెసులుబాటు వచ్చినట్టు ఉంటుంది, కానీ వడ్డీ సంవత్సరాలు తగ్గవు.

తండ్రి మరణించాక తనఖాలో ఉన్న ఇంటిని పంచుకోవాలని తొందరపడే అన్నదమ్ములు హజ్రత్ జుబైర్ (రజి) ఇంటి సంగతి వినాలి. ఆయన జమల్ యుద్ధం నాడు షహీద్ అయ్యారు. జనం దాచిపెట్టమని తెచ్చిన సొమ్మును, పోతే తన పూచీ ఉండాలని, అప్పుగానే తీసుకునేవారు. అలా పెరిగిన అప్పు 22 లక్షలు. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) గాబా అనే భూమిని అమ్మి అప్పులు తీర్చారు. తరువాత వారసులు తమ వాటాలు అడిగితే ఇవ్వలేదు. నాలుగు సంవత్సరాల పాటు హజ్ సమయంలో, జుబైర్ మీద ఎవరికైనా బాకీ ఉంటే రండి అని ప్రకటించి, ఆ తరువాతే పంచారు. (బుఖారీ) వారసత్వ వాటాలు వీలునామా, అప్పు తీరిన తరువాతే అని సూరె నిసా 11, 12 ఆయతుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చింది.

స్వేచ్ఛ కోసం వాయిదాలు కట్టలేక అలసిపోయిన ఒక బానిస హజ్రత్ అలీ (రజి) దగ్గరకు వచ్చినప్పుడు, ఆయన అతనికి ప్రవక్త (స) నేర్పిన ఒక దుఆ నేర్పారు. హరామ్ అవసరం లేకుండా హలాల్‌తోనే సరిపెట్టమని, నీ అనుగ్రహంతో ఇతరుల అవసరం లేకుండా చేయమని అందులో అల్లాహ్‌ను వేడుకుంటాం. కొండంత అప్పున్నా అల్లాహ్ తీర్చే ఏర్పాటు చేస్తాడని ఆయన చెప్పారు. (తిర్మిజీ) మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడిగితే అరబీ పదాలు నేర్పుతారు. నోటుబుక్కు మొదటి పేజీలో అప్పుల జాబితా పైన వ్రాసుకోండి.

చివరి కిస్తీ కట్టిన రోజున పని అయిపోలేదు. ‘బాకీ లేదు’ అన్న కాగితం బ్యాంకు నుంచి తీసుకోండి. అసలు దస్తావేజులు 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది. దస్తావేజులు ఒక్కొక్క పేజీ సరిచూసుకోండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తనఖా నమోదై ఉంటే దాని రద్దు కూడా నమోదు చేయించి, కొత్త ఈసీ తీసి చూడండి. బంగారం అయితే అక్కడే తూకం వేయించి, పెట్టిన రోజు చీటీతో పోల్చుకున్నాకే సంతకం చేయండి. ఇంటికి వచ్చి రెండు రకాతుల నమాజు చదివి, నోటుబుక్కులో ఆ పద్దు మీద గీత కొట్టి, తేదీ వేసి, ఆ పేజీ మీ పెద్దబ్బాయికి చూపించి, ఆ రసీదులన్నీ దస్తావేజుల సంచిలోనే పెట్టండి.